నాన్నని కేర్ హోమ్‌లో చేర్చాలి, ఏం చూసి నమ్మాలి?

కాప్రా పోరడు:
మా నాన్నకి 74. పక్షవాతం వచ్చి కుడి పక్క మొత్తం పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది, ముక్కులో పైపు వేసి ఫీడ్ ఇస్తున్నారు, యూరిన్ పైపు ఉంది, షుగర్‌కి రెండు పూటలా ఇన్సులిన్. ఇక మా దగ్గర చేసేదేం లేదు, తీసుకెళ్లి నర్సింగ్ కేర్ ఇప్పించండి అని హాస్పిటల్ వాళ్లు డిశ్చార్జ్ రాసేశారు. ఇంటికి తీసుకెళ్దామంటే మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, అమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి, ఆయన్ని పక్కకి తిప్పడం కూడా ఆమె వల్ల కాదు. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలకి పోతాం. "కన్నతండ్రిని ఆశ్రమంలో పడేస్తావా" అనే చర్చ మా చుట్టాలు ఇప్పటికే సరిపడా చేశారు, ఇక్కడ దయచేసి వద్దు.

మా హైదరాబాద్‌లోనే రెండు హోమ్‌లు చూసొచ్చాను. కొంపల్లి వైపు ఒకటి, రిసెప్షన్ చూస్తే హోటలే, ఏసీ గదులు, ఫిజియోథెరపీ రూము, గూగుల్‌లో అన్నీ ఐదు స్టార్లే. నాచారం వైపు ఇంకోటి, ఒక మామూలు మూడంతస్తుల ఇల్లు, గోడలకి రంగు కూడా సరిగ్గా లేదు, రేటు దాదాపు సగం. మా ఆవిడ కొంపల్లిదే అంటోంది. నాకేమో ఎందుకో తేల్చుకోవడం అవట్లేదు. వీళ్లని ఏం అడగాలి, ఏ కాగితాలు చూడాలి, అసలు లోపల బాగా చూసుకుంటున్నారో లేదో బయటివాళ్లకి తెలిసేదెట్లా? ఎవరైనా మీ ఇంట్లోవాళ్లని ఉంచినవాళ్లు ఉంటే చెప్పండి, మస్తు టెన్షన్‌గా ఉంది.

నైట్ డ్యూటీ:
నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఆస్పత్రుల్లోనూ, ఇలాంటి హోమ్‌లోనూ పనిచేసిన నర్సుని, కాబట్టి లోపలి సంగతే చెప్తాను తమ్ముడూ. రిసెప్షన్, ఏసీ, ఫిజియో రూము ఇవేవీ చూడకు. మీ నాన్నగారిలాగే మంచం మీదే ఉండి, మాట రాని పేషెంటు ఆ హోమ్‌లో ఎవరున్నారో కనుక్కుని ఆయన్ని చూపించమను. మాట్లాడగలిగినవాళ్లు అరిచైనా పని చేయించుకుంటారు. అరవలేనివాళ్లని ఎలా ఉంచారో అదే ఆ హోమ్ అసలు రంగు. పెదాలు పగిలి ఎండిపోయి ఉన్నాయా, నాలుక మీద తెల్లగా పేరుకుపోయిందా, గోళ్లు కత్తిరించి ఉన్నాయా, గడ్డం గీశారా చూడు. ముక్కు పైపు ఉన్నవాళ్లకి నోట్లోంచి ఏమీ వెళ్లదు కదా అని నోరు శుభ్రం చేయడం మానేస్తారు, ఆ క్రిములే ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా తెస్తాయి.

ఎప్పుడూ మంచం మీదే ఉంటే ఒంటికి పడే పుళ్ల విషయం. పక్కకి తిరగలేని మనిషిని దాదాపు రెండు గంటలకోసారి తిప్పాలి, ఎయిర్ బెడ్ (పంపుతో గాలి నింపే పరుపు) వేసినా సరే తిప్పాలి. ఎయిర్ బెడ్ ఉందిగా అని వదిలేసే చోట్లు చాలా ఉన్నాయి. ముందు దెబ్బతినేది తోక ఎముక దగ్గర, మడమలు, తుంటి పక్కలు. అక్కడ ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కితే ఎరుపు పోయి మళ్లీ రావాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. తిప్పిన టైము రాసే చార్టు ఉందా అని అడుగు, ఉందంటారు. అప్పుడు నిన్న రాత్రిది చూపించమను. పన్నెండు, రెండు, నాలుగు, ఆరు అని ఒకే పెన్నుతో ఒకే ఊపులో రాసిన అక్షరాలు చూస్తే నీకే తెలిసిపోతుంది, అది పొద్దున టీ తాగుతూ రాసిందని.

ఫీడ్ ఇచ్చేటప్పుడు కళ్లారా చూడు. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపి ఇవ్వాలి, ఇచ్చాక కనీసం అరగంట అలాగే ఉంచాలి, ఇచ్చే ముందు పైపు సరైన చోటే ఉందో లేదో చెక్ చేయాలి. పడుకోబెట్టి గబగబా తోసేస్తున్నారంటే అక్కడ ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు. యూరిన్ బ్యాగు పొట్ట కంటే కిందే వేలాడాలి కానీ నేలకి తగలకూడదు. ఇక షుగర్ మరీ ముఖ్యం. ఇన్సులిన్ ఏడింటికి ఇచ్చేసి ఫీడ్ తొమ్మిదింటికి ఇస్తే షుగర్ 70 కంటే కిందకి పడిపోవచ్చు, మామూలు మనిషైతే చెమటలు, వణుకు అని చెప్తాడు, మీ నాన్నగారు చెప్పలేరు, నిద్రపోతున్నారులే అనుకుంటారు. ఇన్సులిన్‌కీ ఫీడ్‌కీ మధ్య టైము ఎవరు చూస్తారు, గ్లూకోమీటర్ ఆ ఫ్లోర్‌లోనే ఉందా లేక కింద ఆఫీసు బీరువాలో ఉందా, ఇవి అడుగు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: రాత్రి రెండింటికి ఆ ఫ్లోర్ మీద ఎవరుంటారు? "ట్వెంటీ ఫోర్ అవర్స్ నర్సింగ్" అని బోర్డు మీద అందరూ రాస్తారు. జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన మనిషి రాత్రి పూట ఉంటుందా, లేక నెల రోజుల క్రితం ఊర్నుంచి వచ్చిన పిల్ల ఒక్కతే ఇరవై మందిని చూస్తుందా? ఆ పిల్ల తప్పేం లేదు పాపం, ఆమెకి ఎవరూ నేర్పలేదు. స్టాఫ్ ఎన్నాళ్ల నుంచి పనిచేస్తున్నారో మాటల్లో పెట్టి అడుగు, అందరూ కొత్తవాళ్లే అయితే జీతాలు సరిగ్గా ఇవ్వట్లేదని అర్థం.

ఉప్పల్ బాబాయ్:
సిస్టర్ గారు పేషెంటు సంగతి బాగా చెప్పారు, నేను బిల్డింగ్ సంగతి చెప్తాను, నా పని అదే కాబట్టి. మన సిటీలో ఈ హోమ్‌లు చాలా వరకు మామూలు ఇళ్లని అద్దెకి తీసుకుని నడిపేవే. కింద ఏముందో చూడు. షాపు, గోడౌను, బండ్ల చార్జింగ్ ఇలాంటివి ఉంటే ఆలోచించు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బండ్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న బిల్డింగ్‌లో మంటలు లేచి 8 మంది చనిపోయారు, పొగ మెట్ల దారిన పైకెక్కింది. అక్కడున్నది నడవగలిగినవాళ్లు బాబూ. మంచం మీద ఉన్నవాళ్లని మూడో అంతస్తు నుంచి ఎలా దింపుతారు? ఈ మాట ఓనర్నే అడుగు. రెండో మెట్ల దారి ఉందా, దానికి తాళం ఉందా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది. కిటికీలకి గ్రిల్స్ బిగించేసి ఉంటే ఆలోచించాల్సిందే. స్ట్రెచర్ లిఫ్ట్‌లో పడుతుందా లేదా అన్నది టేపు పెట్టి కొలిచినా తప్పు లేదు.

కరెంటు పోతే ఎయిర్ బెడ్ పంపు ఆగిపోతుంది, కాసేపటికి గాలి దిగి మనిషి గట్టి పరుపు మీద పడతాడు. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, గొంతులో కఫం లాగే మెషీన్ కూడా కరెంటు మీదే. ఇన్వర్టర్ లైట్లకేనా, ప్లగ్గులకి కూడానా అడుగు. విడిగా నిండు ఆక్సిజన్ సిలిండర్ ఉందో లేదో చూడు. ఇంకోటి, ఆ గల్లీలో వానాకాలం నీళ్లు నిలుస్తాయా అని పక్క కిరాణా కొట్టతన్ని అడిగితే నిజం చెప్తాడు. 2020 అక్టోబర్ వానలకి ఎన్ని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయో తెలుసుగా, అంబులెన్సు లోపలికి రాదు. ఎండాకాలం ట్యాంకర్ల మీద బతికే బిల్డింగ్ అయితే ముందు తగ్గించేది స్నానాలు, బట్టలు ఉతకడమే.

మియాపూర్ అక్క:
మా అత్తమ్మకి మతిమరుపు జబ్బు (డిమెన్షియా), హోమ్‌లోనే ఉంచాం. ఒక్కటే చెప్తాను. మధ్యాహ్నం మూడింటికి వెళ్లినప్పుడు అందరూ మత్తుగా పడుకుని ఉంటే ఎంత ప్రశాంతంగా ఉందో అనుకోకండి. మొదట ఉంచిన చోట (పేరు చెప్పను) ఆమె రాత్రి తిరుగుతోందని మాకు చెప్పకుండానే మత్తుగా ఉంచే సైకియాట్రీ మందు (యాంటీసైకోటిక్) మొదలుపెట్టారు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకి ఆ రకం సైకియాట్రీ మందుల వల్ల మరణాలు పెరుగుతాయని అమెరికాలో మందుల్ని పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించిందని తర్వాత మా న్యూరాలజిస్ట్ చెప్పారు. అవసరమైతే డాక్టరు రాస్తారు, అది వేరు. కానీ ఏ కొత్త మందైనా మాకు ఫోన్ చేసి చెప్పాకే అని ముందే రాయించుకోండి, వెళ్లినప్పుడల్లా మందుల స్ట్రిప్పులు లెక్కపెట్టండి.

గూగుల్ రివ్యూల్లో ఐదు స్టార్లవి వదిలేసి ఒకటి, రెండు స్టార్లవి చదవండి. వాటికి ఓనర్ ఏం జవాబిచ్చాడో అది ఇంకా ముఖ్యం. అంతకంటే మంచిది, ఆదివారం సాయంత్రం గేటు దగ్గర నిలబడి, చూడ్డానికి వచ్చిన వాళ్లతో మాట్లాడటం.

రూల్స్ రంగన్న:
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ట్రస్టు రిజిస్ట్రేషన్, సొసైటీ రిజిస్ట్రేషన్ ఫ్రేము కట్టి గోడకి పెడతారు, దానికీ లోపల చూసుకునే తీరుకీ సంబంధం లేదు. బెడ్లు వేసి వైద్యం చేసే నర్సింగ్ హోమ్ అయితే జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని మీద తేదీ చూడండి. ఫైర్ ఎన్‌ఓసీ (ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే అనుమతి కాగితం) అడగండి. ఎన్‌ఏబీహెచ్ (ఆస్పత్రుల నాణ్యతకి ఇచ్చే గుర్తింపు) ఉంటే మంచిదే, కానీ అది తప్పనిసరి కాదు, లేదు కాబట్టి చెడ్డది అనలేం. సూదులు, పైపులు వాడే చోట 2016 బయో మెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం సూదులకి గుచ్చుకోని తెల్ల డబ్బా, వాడిన పైపులు, యూరిన్ బ్యాగులకి ఎర్ర సంచి, రక్తం అంటిన దూదికి పసుపు సంచి ఉండాలి. అన్నీ కలిపి మున్సిపాలిటీ చెత్త ఆటోలో వేస్తున్నారంటే మిగతా శుభ్రత ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టకండి. డైపర్లు, ఫీడ్ పౌడరు, ఫిజియో, డాక్టర్ విజిట్ నెల డబ్బులో ఉన్నాయా, విడిగానా? సగం రేటు అనుకున్నది ఇవన్నీ కలిపేసరికి సగం కాకుండా పోతుంది. మధ్యలో తీసుకెళ్తే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఎమర్జెన్సీలో ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, ఆ ఖర్చు ఎవరిది, ఇవన్నీ రాతలో ఉండాలి. గొడవైతే కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. పెద్దల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు, ఫ్రీ. హోమ్‌లో ఎవరినైనా కొడుతున్నారు, తిండి పెట్టట్లేదు అని తెలిసినా దానికే చేయొచ్చు.

కాప్రా పోరడు:
అందరికీ చాలా థ్యాంక్స్. మీరు చెప్పాక రెండింటికీ మళ్లీ వెళ్లాను, ఈసారి చెప్పకుండా. కొంపల్లిలో పై ఫ్లోర్‌కి పంపలేదు, ఆదివారం నాలుగు నుంచి ఆరు వరకే, అదీ కింద హాల్లోకి తీసుకొస్తాం అన్నారు. ఇన్‌ఫెక్షన్ల వల్ల అట. నాచారంలో అమ్మ వయసున్న ఒకామె చెప్పులు విప్పమని, చేతులు కడుక్కోమని లోపలికి తీసుకెళ్లింది. చార్టులో రాత్రి రెండు చోట్ల ఖాళీలున్నాయి. ఎందుకమ్మా అంటే, ఆ రోజు ఒకరికి ఫిట్స్ వస్తే హాస్పిటల్‌కి తీసుకెళ్లాం, టైముకి తిప్పలేకపోయాం అంది. నర్సు రిజిస్ట్రేషన్ కార్డు చూపించింది. కానీ లిఫ్ట్ లేదు, రెండో మెట్ల దారి లేదు. ఇంకో సంగతి, ఒక పెద్దాయన చేతిని గుడ్డతో మంచానికి కట్టారు, పైపు లాగేసుకుంటున్నాడు అన్నారు. ఇది మామూలేనా సిస్టర్?

నైట్ డ్యూటీ:
కొంపల్లి వాళ్లది నాకు నచ్చలేదు. ఇన్‌ఫెక్షన్ భయముంటే చేతులు కడిగించి, మాస్కు ఇచ్చి పంపొచ్చు, మనిషి పడుకునే మంచం ఇంటివాళ్లకి చూపించకపోవడం ఏంటి? ఖాళీ వదిలిన చార్టుని నేను నిండు చార్టు కంటే ఎక్కువ నమ్ముతాను.

కట్టడం మామూలు కాకూడదు, కానీ చాలా చోట్ల చేస్తారు. ముందు చేతికి మెత్తటి గ్లవ్ లాంటిది తొడగాలి, పైపు టేపు మార్చి సరిగ్గా అంటించాలి, ఎందుకు లాగుతున్నాడో చూడాలి, ముక్కు ఒరుసుకుపోయి నొప్పి పుట్టినా లాగుతారు. తప్పక కడితే డాక్టరు రాసి ఉండాలి, ఇంటివాళ్లకి చెప్పి ఉండాలి, మాటిమాటికీ విప్పి చర్మం, వేళ్ల రంగు చూడాలి. ఆ పెద్దాయన వాళ్లబ్బాయికి తెలుసా అని అడుగు.

ఉప్పల్ బాబాయ్ చెప్పింది కూడా తీసిపారేయకు. అక్కడే చేర్చేటట్టయితే గ్రౌండ్ ఫ్లోర్‌లో మంచం ఇస్తేనే అని గట్టిగా అడుగు, ఖాళీ లేకపోతే అయ్యేదాకా ఇంకోటి చూడు, ఈసీఐఎల్, సైనిక్‌పురి వైపు కూడా వెతుకు, మీకు దగ్గర. దగ్గరుంటే ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు దిగి చూడొచ్చు, రోజూ ఎవరో ఒకరు వచ్చే పేషెంటుని స్టాఫ్ వేరేగా చూస్తారు, ఇది చేదు నిజం. డిశ్చార్జ్ రోజే నాన్నగారి నడుము, మడమలు, తుంటి ఫోటోలు తేదీతో తీసి పెట్టుకో, హోమ్ వాళ్లని కూడా చూసి సంతకం పెట్టమను. తర్వాత పుండు వస్తే అది ఎక్కడ మొదలైందన్న వాదన ఉండదు. ముక్కు పైపు, యూరిన్ పైపు ఎప్పుడు మార్చారో, మళ్లీ ఎప్పుడు మార్చాలో డిశ్చార్జ్ షీటులో రాయించుకో, అది చాలామంది మర్చిపోతారు.