స్పీడ్ లిమిట్ 80కి తగ్గించాక మైలేజ్ పెరగాల్సింది, తగ్గింది. ఎందుకు?

మా ట్రక్కుది 12 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. స్పీడ్ లిమిటర్‌ను 90 నుంచి 80కి మార్చారు. వేగం తగ్గితే ఎదురుగాలి నిరోధం బాగా తగ్గుతుంది కాబట్టి డీజిల్ మిగలాలి. కానీ లీటరుకు 3.4 కిలోమీటర్లు వచ్చేది ఇప్పుడు 3.1 దాటడం లేదు. లోడు, రూటు అవే.

టాప్ గేర్‌లో 90 దగ్గర ఇంజిన్ సుమారు 1,300 ఆర్‌పీఎంలో తిరిగేది, ఇప్పుడు 80 దగ్గర 1,150. చిన్న ఎత్తు వచ్చినా గేర్ 12 నుంచి 11కి దిగిపోతుంది, ఆర్‌పీఎం 1,450 దాటుతుంది. కాసేపటికే మళ్లీ 12. రోజంతా ఇదే, నా అనుమానమంతా దీనిమీదే.

టైర్లలో గాలి, వీల్ అలైన్‌మెంట్ సరిచేయించాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ఎకో మోడ్‌లోనూ తేడా లేదు. వర్క్‌షాపులో స్కాన్ చేస్తే ఏ ఎర్రర్ కోడూ రాలేదు.

ఇలాంటి చిన్న ఎత్తుల్లో మాన్యువల్‌లో పెట్టి 12లోనే లాగిస్తే డీజిల్ ఆదా అవుతుందా, లేక తక్కువ ఆర్‌పీఎంలో ఇంజిన్‌పై భారం పడుతుందా?