జపనీస్ ఎన్4 అయింది. చైనీస్ అక్షరాలు ఎంతవరకు కలిసొస్తాయి?

ఉక్కునగరం_చదువరి:
నమస్కారమండీ. జపనీస్ ఎన్4 (జపనీస్ భాషా పరీక్షలో కింది నుంచి రెండో మెట్టు) వరకు చదివాను, కాన్‌జీ (జపనీస్‌లో వాడే చైనీస్ అక్షరాలు) 300 దాకా వచ్చు. ఇప్పుడు పని చైనీస్‌తో పడింది. పరవాడ వైపు కంపెనీ, ముడిసరుకు చైనా నుంచే వస్తుంది. డ్రమ్ముల మీద లేబుల్ చదవగలిగితే చాలు, రెండు ముక్కలు మాట్లాడగలిగితే మరీ మంచిది. అక్షరాలు ఒకటే కదా, సగం పని అయిపోయినట్టేనా? అసలు ఒకే అక్షరానికి జపనీస్‌లో అన్ని ఉచ్చారణలు ఎందుకు?

తొట్లకొండ_తోవ:
చదవడానికైతే సగం అయినట్టే. మాట్లాడటానికి పావు వంతు కూడా కాదండి.

మనం విడిగా 'నీళ్లు' అంటాం, సమాసంలో 'జలాశయం' అంటాం. నీళ్లాశయం అనం కదా. ఈ రెండింటికీ ఒకే గుర్తు రాస్తే ఎలా ఉంటుందో జపనీస్ అలా ఉంటుంది. నీటి అక్షరం విడిగా 'మిజు'. అది వాళ్ల సొంత మాట, కున్ పఠనం. ఇంకో అక్షరంతో జత కడితే 'సుయ్', చైనా నుంచి తెచ్చుకున్న ఓన్ పఠనం. కుళాయి నీటి సరఫరా 'సుయ్‌దో' అలా వచ్చిందే. చైనీస్‌లో అది ఎక్కడున్నా 'ష్వేయ్'. మీకు అక్కరకొచ్చేది ఓన్ ఒక్కటే.

ఆ ఓన్ కూడా ఒక్క విడతలో రాలేదు. 'వెళ్లు' అక్షరానికి గ్యో, కో, అన్ అని మూడున్నాయి. మొదటిది 5, 6 శతాబ్దాల్లో దక్షిణ చైనా ఉచ్చారణ. రెండోది తాంగ్ రాజవంశపు రాజధాని చాంగాన్‌ది. మూడోది ఆ తర్వాత జెన్ బౌద్ధ సన్యాసులు తెచ్చింది. అందుకే సాధన 'షుగ్యో', బ్యాంకు 'గిన్‌కో', పాతకాలపు కాగితం దీపం 'అన్‌దోన్'. చైనీస్‌లోనూ ఈ అక్షరానికి శింగ్, హాంగ్ అని రెండున్నాయి, బ్యాంకు 'యిన్‌హాంగ్'.

చిత్రమేమిటంటే పాత చైనీస్ శబ్దం చాలాచోట్ల జపాన్‌లోనే మిగిలింది. 'బుద్ధ' చైనాకు చేరి 'బుత్' లాంటి మాటయింది. మాండరిన్‌లో (నేటి ప్రామాణిక చైనీస్) చివరి హల్లు రాలిపోయి ఇప్పుడు 'ఫో'. జపనీస్ దానికి అచ్చు తగిలించి 'బుత్సు' అంది, మనం బస్సు, లైటు అన్నట్టే. తొట్లకొండ బౌద్ధ స్తూపం దగ్గర నిలబడి పలికితే ఏది మనకు దగ్గరో తెలుస్తుంది.

కాబట్టి ఓన్ చివర కు, కి, త్సు, చి ఉంటే మాండరిన్‌లో అది మాయం: విషం 'దొకు', అక్కడ 'దూ'. దేశం 'కొకు', అక్కడ 'గ్వో'. మొదటి 'క' చాలాసార్లు 'హ' అవుతుంది: సముద్రం కయ్, హయ్. 'కాన్‌జీ'యే అక్కడ 'హాన్‌జ'. దీర్ఘముంటే 'ంగ్' వస్తుంది: 'తోక్యో' అక్కడ 'డోంగ్‌జింగ్'.

ఆర్కే_బీచ్_ఇసుక:
పై సమాధానంలో చివరి సూత్రం తిరగేసుకోండి. మాండరిన్‌లో 'ంగ్' ఉంటే జపనీస్‌లో దీర్ఘం, ఇది దాదాపు తప్పదు. అటు నుంచి వస్తేనే బోల్తా: 'ఎత్తు' అక్షరం కూడా 'కో'నే, మాండరిన్‌లో మాత్రం 'గావ్'. చైనీస్ నాలుగు స్వరాలకు (మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు) జపనీస్ నుంచి సులువుగా పట్టుకునే సూత్రం లేదు, ప్రతి మాటతోనూ బట్టీ పట్టాల్సిందే.

అర్థాలతో ఇంకా జాగ్రత్త. హిందీలో శిక్షా అంటే చదువు, మనకు శిక్ష. ఇక్కడా అంతే. జపనీస్‌లో 'తెగామి' ఉత్తరం, అవే రెండు అక్షరాలు చైనాలో టాయిలెట్ పేపరు. కూతురు అక్షరం అక్కడ తల్లి. చదువుకోవడం, అంటే 'బెన్‌క్యో', అక్కడ ఇష్టం లేకుండా బలవంతాన చేయడం (ఇది కొంత నిజమే అనుకోండి).

లేబుళ్ల మీద మీరు జపనీస్‌లో నేర్చుకోని జంటలుంటాయి. 'వెంట్రుక+బరువు' అంటే గ్రాస్ వెయిట్. 'చర్మం+బరువు' ఖాళీ డ్రమ్ము బరువు. 'శుభ్రం+బరువు' నెట్ వెయిట్. అక్షరాలు తెలుసు కదా అని ఊహించారో, స్టాకు రిజిస్టరులో అంకె తప్పుతుంది. ముందు ఈ మూడూ నేర్చుకోండి.

కైలాసగిరి_404:
రూపాల సంగతి ఎవరూ ఎత్తలేదు. జపాన్ 1940ల్లో తనకు తోచినట్టు గీతలు తగ్గించింది, చైనా 1956 నుంచి ఇంకా ఎక్కువ తగ్గించింది. 'దేశం', 'చదువు' రెండు చోట్లా ఒకేలా కుదిరాయి. 'విశాలం' అక్షరానికి జపాన్, చైనా, తైవాన్‌లలో మూడు రూపాలు. విడివిడిగా బట్టీ వద్దు, ఎడమవైపు వచ్చే భాగాలు పట్టుకోండి: మాట, లోహం, దారం, తిండి. ఈ నాలుగూ కుదించిన తీరు తెలిస్తే వందల అక్షరాలు వాటంతటవే వస్తాయి. ఒక్కోచోట చైనా రెండింటిని కలిపేసింది కూడా. ముఖానికీ నూడుల్స్‌కీ ఒకటే అక్షరం!

ఇంకోటి, యూనికోడ్‌లో (కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలకు వాడే అంకెల పట్టిక) రెండు దేశాల అక్షరాలకూ చాలావరకు ఒకే కోడ్. 'ఎముక', 'నేరుగా' లాంటివి ఫాంటును బట్టి రూపం మారతాయి. ఫోన్ భాషల జాబితాలో జపనీస్ లేకపోతే జపనీస్ పాఠం కూడా చైనా రూపంలో కనిపించవచ్చు. రెండు భాషలూ చేర్చుకోండి. ఫ్లాష్‌కార్డుల యాప్‌లో జపనీస్ వైపు ఒక ఫాంటు, చైనీస్ వైపు ఇంకొకటి పెట్టుకోండి. లేదంటే తప్పు రూపం చేతికి అలవాటై కూర్చుంటుంది.