లాఫ్ట్ బెడ్‌రూమ్ కోసం హాల్లో మళ్లీ గోడ కట్టాలా? (ఇంగ్లండ్, వరస ఇల్లు)

రెడింగ్ రవి:
అందరికీ నమస్తే. మాది రెడింగ్‌లో విక్టోరియన్ కాలం నాటి వరస ఇల్లు, అటూ ఇటూ పక్కిళ్లే. ఇక్కడ టెర్రస్ హౌస్ అంటారు. కొన్న కొత్తలో మా అమ్మ ఫోన్లో "డాబా ఉందన్నమాట, వడియాలు పెట్టుకోవచ్చు" అని సంబరపడింది.

పాత ఓనర్ మెట్ల పక్క గోడ తీసేశాడు. వీధి తలుపు తీస్తే నేరుగా హాలు. హాల్లోంచే మెట్లు, వెనకాల వంటిల్లు, మధ్యలో అడ్డు లేదు. ఇప్పుడు అటకని (ఇక్కడ లాఫ్ట్ అంటారు) పిల్లల గదిగా మార్చాలనుకుంటున్నాం. డ్రాయింగ్ చూసి బిల్డింగ్ కంట్రోల్ వాళ్లు, అంటే కట్టడం రూల్స్ ప్రకారం ఉందా అని చూసేవాళ్లు, మెట్ల చుట్టూ గోడ కట్టి మూసేయమన్నారు. పైనుంచి వీధి తలుపు దాకా అరగంట మంటను తట్టుకునే గోడలు, గదులకి ఫైర్ డోర్లు కావాలట. గోడ కడితే హాలు రైలుపెట్టెలా ఉంటుందని మా ఆవిడ ససేమిరా అంటోంది. బిల్డర్ ఏమో "స్టోరేజ్ అని రాసేద్దాం, తర్వాత మంచం మీరే వేసుకోండి" అంటున్నాడు. పైన పెద్ద కిటికీ పెడుతున్నాం కదా, అది చాలదా? గోడ లేకుండా గట్టెక్కినవాళ్లు ఉన్నారా?

హౌన్స్‌లో బాబాయ్:
రవీ, భయపడకు. మేం 2004లో లాఫ్ట్ గది వేయించాం. కిటికీ సరైన సైజులో ఉంది, ఫైరింజన్ నిచ్చెన అందుతుందని పాస్ చేశారు, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. ఇప్పటిదాకా ఏమీ కాలేదు. ఈ గోడలూ తలుపులూ అన్నీ మన జేబు ఖాళీ చేసే బేరాలు. మనది సొంతిల్లు, హోటల్ కాదు.

అనిత (డ్రాయింగ్ పని):
బాబాయ్ గారూ, మీరు చెప్పింది 2004లో నిజమే. నిచ్చెన వచ్చేదాకా లాఫ్ట్ కిటికీ దగ్గర ఆగే పద్ధతి అప్పట్లో ఒప్పుకునేవాళ్లు. 2007 ఏప్రిల్ నుంచి తీసేశారు. ఇప్పుడు తప్పించుకునే కిటికీ లెక్క నేల నుంచి 4.5 మీటర్ల ఎత్తు లోపున్న అంతస్తుకే. మొదటి అంతస్తు కిటికీ పట్టుకుని వేలాడి దూకితే కాలు విరుగుతుందేమో, బతుకుతాం. అటక మీంచి ఆ మాట అనలేం. అందుకే అక్కడ మెట్లే దారి, మెట్లలోకి పొగ రాకూడదు.

ఒక్క మాట అడుగుతాను. మీ ఇంట్లో మెట్ల పక్క గోడ ఉందా?

హౌన్స్‌లో బాబాయ్:
ఉంది. మేం తీయలేదు.

అనిత (డ్రాయింగ్ పని):
తేడా అక్కడే ఉంది. రవి గారింట్లో వంటింట్లో నూనె అంటుకుంటే ఆ పొగ నేరుగా మెట్లెక్కుతుంది. మెట్ల దారి పొగగొట్టంలా పనిచేస్తుంది. పిల్లలు నిద్ర లేచేసరికి వాళ్లు దిగాల్సిన దారే ముందు నిండిపోతుంది. అడుగుతున్నది కొత్త గోడ కాదు, పాత ఓనర్ పీకేసిన గోడే. కర్ర చట్రానికి రెండు వైపులా 12.5 మిల్లీమీటర్ల ప్లాస్టర్‌బోర్డు వేస్తే అరగంట వస్తుంది, మందం పది సెంటీమీటర్ల చిల్లర.

స్లౌ కిరణ్:
నీటి తుంపర వ్యవస్థ, అదే మిస్ట్, పెట్టిస్తే గోడ అక్కర్లేదని మా ఫ్రెండ్ అన్నాడు. నిజమేనా?

అనిత (డ్రాయింగ్ పని):
సగం నిజం. ఓపెన్ హాలు ఉంచుకోవడానికి మార్గదర్శకాల్లో వేరే దారి ఉంది. కింది హాల్లో స్ప్రింక్లర్లు, అంటే మంట వేడికి నీళ్లు చల్లేవి, ఉండాలి. కింది అంతస్తుకీ పైఅంతస్తులకీ మధ్య మంటను ఆపే అడ్డుగోడ, తలుపు ఉండాలి, లాఫ్ట్‌లో వాళ్లు మొదటి అంతస్తు కిటికీ దగ్గరికి దిగగలగాలి. పొయ్యి ఉన్న భాగాన్ని హాలు నుంచి వేరు చేయాలి. ఈ చివరిది బిల్డర్లు ఎప్పుడూ చెప్పరు. మిస్ట్ పెడితే ఇళ్లలో మిస్ట్‌కి ఉన్న బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 8458 ప్రకారం ఉందా అని అడగండి, ఏటా సర్వీసూ ఉంటుంది. నన్నడిగితే ఇంత చిన్న ఇంటికి గోడే చవక.

లెస్టర్ లక్ష్మి:
"స్టోరేజ్ అని రాద్దాం" అన్న మాటకి నా అనుభవం చెప్తా. మేం కొన్న ఇంట్లో లాఫ్ట్ రూమ్ అలాంటిదే. అమ్మబోతే కొనేవాళ్ల సాలిసిటర్ (లాయరు), పని రూల్స్ ప్రకారం పూర్తయిందని ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ ఏదన్నాడు. ఇండెమ్నిటీ పాలసీ అనే బీమా తీసుకుందామన్నారు, కానీ అది కాగితాల గొడవకి పనికొస్తుంది, పొగని ఆపదు. చివరికి కౌన్సిల్‌లో రెగ్యులరైజేషన్‌కి, అంటే అనుమతి లేకుండా చేసిన పనికి తర్వాత ఆమోదం కోసం, పెట్టుకుంటే అంతా సరిగ్గా ఉందో లేదో చూడాలని కొత్తగా పెయింటేసిన సీలింగ్ రెండు చోట్ల కోయించారు. నేను కింద ఆ పొడి ఊడుస్తూ ఏడ్చానంటే నమ్మండి. పైగా 2023 అక్టోబర్ నుంచి ఇలాంటి పనిని తీసేయమనో సరిచేయమనో నోటీసిచ్చే గడువు ఏడాది నుంచి పదేళ్లైంది.

ఇంకోటి. చాలామంది మన వాళ్లలా మీరూ మెట్ల కింద అల్మరాలో దేవుణ్ణి పెట్టారా? మేం పెట్టాం. అఖండ దీపం, పక్కనే కర్పూరం డబ్బా, పైన చెక్క మెట్లు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత హాలు మూలకి మార్చాం.

రెడింగ్ రవి:
లక్ష్మి గారూ, దేవుడు మెట్ల కిందే ఉన్నాడు! ఈ రోజే మారుస్తా. ఇంకో డౌట్. తాలింపు వేసినప్పుడల్లా స్మోక్ అలారం మోగుతుంటే మా ఆవిడ బ్యాటరీ పీకేస్తుంది. లాఫ్ట్‌కి అలారాలు ఎక్కువ పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

అనిత (డ్రాయింగ్ పని):
వంటింట్లో స్మోక్ అలారం వద్దు, హీట్ అలారం పెట్టించండి. అది ఆవాలు చిటపటలాడితే పట్టించుకోదు, వేడి పెరిగితేనే మోగుతుంది. ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర స్మోక్ అలారం ఉండాలి. అన్నీ కరెంటు లైనుకి, లోపల బ్యాటరీతో, ఒకటి మోగితే అన్నీ మోగేలా.

అసలు మర్చిపోయేది పక్కింటి గోడ. విక్టోరియన్ ఇళ్లలో అటకల మధ్య గోడ కొన్నిచోట్ల పైదాకా ఉండదు, ఇటుకలు ఊడి సందులుంటాయి. పక్కింటి మంట మీ పిల్లల మంచం దగ్గరికి వచ్చే దారి అదే. టార్చ్ పట్టుకుని ఎక్కి చూడండి. ఆ గోడ మీద పనుంటే పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టం కింద రెండు నెలల ముందు పక్కవాళ్లకి నోటీసివ్వాలి.

హౌన్స్‌లో బాబాయ్:
మా తలుపులకి అప్పట్లో వాటంతటవే మూసుకునే స్ప్రింగులు పెట్టారు. మనవడి వేలు నలిగిందని నేనే పీకేశా. అది తప్పా?

అనిత (డ్రాయింగ్ పని):
ఇప్పటి రూల్స్‌లో ఇంటి లోపలి గదులకి ఆ స్ప్రింగులు అడగరు, గ్యారేజీ నుంచి ఇంట్లోకొచ్చే తలుపుకి తప్ప. కానీ తలుపు కింద చెప్పు పెట్టి తెరిచే ఉంచుతున్నారా? రాత్రిపూట మూయకపోతే ఆ తలుపులు ఉన్నా లేనట్టే.

హౌన్స్‌లో బాబాయ్:
చెప్పు కాదు, రోకలి.

రెడింగ్ రవి:
అప్‌డేట్. అరగంట మంటకి తట్టుకునే అద్దం కూడా ఉంటుందట. కింద మూడడుగులు గోడ, పైన అద్దం అంటే మా ఆవిడ సగం ఒప్పుకుంది. అద్దం ధర చెప్పాక మామూలు గోడకి పూర్తిగా ఒప్పుకుంది. శనివారం అటకెక్కి పక్కింటి గోడ చూశా. కుడివైపు చూరు దగ్గర చెయ్యి దూరేంత సందు ఉంది, లోపల వాళ్ల క్రిస్మస్ చెట్టు డబ్బా కనిపిస్తోంది.