ఆన్‌లైన్ మూలాలకు చూసిన తేదీ వేయాల్సిందేనా?

థీసిస్‌బాట: అనొటేటెడ్ బిబ్లియోగ్రఫీ (ప్రతి మూలం కింద దాని గురించి చిన్న వ్యాఖ్య, అంటే అనొటేషన్, ఉండే జాబితా) చేస్తున్నాను. చాలావరకు వెబ్ పేజీలే. ప్రతిదానికీ చూసిన తేదీ ఉండాలని గైడ్ పట్టుబడుతున్నారు. తప్పదా?

పుటలపురుగు: తప్పదు. 2013 నాటి వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకే దొరక్కుండా పోయాయని ప్యూ రీసెర్చ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2024లో తేల్చింది. ఉన్నవీ మారిపోతుంటాయి. తేదీ లేకపోతే మీరు ఏ పాఠం చదివారో ఎవరికి తెలుస్తుంది?

నిశిత: ప్రతిదానికీ అక్కర్లేదు. మూలాలు ఎలా చూపాలో చెప్పే శైలుల్లో ఏపీఏ ఏడో ఎడిషన్ మారుతూ ఉండే పేజీలకే అడుగుతుంది. ఎంఎల్ఏ 2016లోనే ఐచ్ఛికం చేసేసింది. డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉన్న వ్యాసానికి తేదీ ఎందుకండీ?

పుటలపురుగు: ఆయన అడిగింది వెబ్ పేజీల గురించి. డీఓఐ ఎందుకు తెస్తున్నారు?

నిశిత: సరే, వెబ్ పేజీయే అనుకుందాం. పేజీ పోయాక తేదీ ఏం చేసుకుంటారు? వెబ్ పేజీల పాత ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేసి ఆ లింకు ఇస్తే సరిపోతుంది.

పుటలపురుగు: అందులో ఒకే పేజీకి పదుల ప్రతులుంటాయి. సేవ్ చేయని పేజీ అయితే ఏ ప్రతి చూడాలో తేదీయే చెప్పాలి.

అక్షరి: మూలాలు దాచుకునే జోటెరో సాఫ్ట్‌వేర్‌లో సేవ్ చేస్తే తేదీ దానంతటదే పడుతుంది కదా.

నిశిత: నా బాధ అది కాదు. ఒక సర్వే పేజీ గురించి, ‘ప్రశ్నలు ఎవరిని అడిగారో ఎక్కడా లేదు, సర్వే చేసినవాళ్లే ఆ సరుకు అమ్ముతున్నారు, అంకెలు వాడను, వాదన తీరు మాత్రమే చూస్తాను’ అని రాశాను. మా గైడ్ దాన్ని చదవనే లేదు. తేదీల్లేవని మొత్తం తిప్పి పంపారు.

పుటలపురుగు: మీ గైడ్ మీది కోపం తేదీ మీద చూపిస్తే ఎలా? ఏటా విద్యార్థులవి దిద్దేది నేను. సగం మంది వ్యాసం మొదట్లో ఉండే సారాంశాన్నే అటూఇటూ మార్చి పెడతారు. చదవలేదని తెలుస్తూనే ఉంటుంది, రుజువు చేయలేను. కనీసం తేదీ అయినా వేయమంటున్నాను.

నిశిత: అంటే మీకు కావలసింది హాజరుపట్టీ. చదవనివాళ్లూ తేదీ వేస్తారు. ఎవరు రాశారు, దేనికి రాశారు, నా ప్రశ్నకు ఎంతవరకు పనికొస్తుంది, ఇవి చదవకుండా రాయలేరు. దిద్దాల్సింది అది.

పుటలపురుగు: ఒక్కొక్కరివి నలభై ఎంట్రీలు. అన్నీ చదివే తీరిక నాకెవరిస్తారు?

నిశిత: తీరిక లేనప్పుడు అనొటేషన్ రాయమని అడగకండి. వాళ్లు రాత్రుళ్లు కూర్చుని రాస్తున్నారు.

థీసిస్‌బాట: మారే పేజీలకు తేదీ, ఆర్కైవ్ లింకు రెండూ పెడతాను. రచయిత పేరు లేని పేజీని దేనికింద పెట్టాలి?

అక్షరి: సంస్థ పేరుంటే దానికింద, లేకపోతే శీర్షిక కింద.