బారసాల బొంత: అడ్డగీతలు కుట్టేటప్పుడు అడుగున మడతలు

మామిడిపిందెల బొంత, 36×42 అంగుళాలు. పైపొర కొత్త పాప్లిన్. 6½ అంగుళాల ముక్కలు 42, కుట్టులోకి పావేసి అంగుళం. గడి విడిచి గడిలో పిందె అతికి కుట్టాను. మధ్యలో అర అంగుళం మందం పాలిస్టర్ షీటు (దూదిలాంటి మెత్తటి పొర), అడుగున పాత నూలు చీర. చీరే ఎందుకంటే పసిబిడ్డ ఒంటికి అంత మెత్తన ఇంకేదీ ఉండదు.

మిషన్ మామూలు ఇంటి మిషన్, నేరు కుట్టు ఒక్కటే. 14 నంబరు సూది, నూలు దారం. మూడు పొరలూ కలిపి కుట్టే గీతల్లో నిలువువి బాగానే వచ్చాయి. అడ్డగీతలు వేస్తుంటే, నిలువు గీతను దాటే ప్రతిచోటా చీర నొక్కుకుని 2–3 మిల్లీమీటర్ల మడత పడుతోంది. పిందె ఉన్న గడుల దగ్గర మరీ ఎక్కువ. పైన ఏమీ తెలియదు, తిప్పితేనే కనిపిస్తుంది.

చేసి చూసినవి: కుట్టు పొడవు 2.5 నుంచి 4కి పెంచాను, గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం ఒత్తిడి తగ్గించాను, 4 అంగుళాలకో పిన్నీసు పెట్టాను, తర్వాత అవి తీసి చేత్తో టాకాలు వేశాను. మధ్య నుంచి అంచులకు కుట్టాను. చీరకు గంజి పెడితే కాస్త తగ్గింది గానీ పోలేదు. దారం బిగువు సరిగ్గానే ఉంది, కుట్టు రెండువైపులా సమంగా పడుతోంది.

అర అంగుళం షీటు, పాత చీర ఇలాగే ఉంచి కుట్టినవాళ్లు చెప్పండి: వాకింగ్ ఫుట్ (పైపొరను కూడా అడుగుపొరతో సమంగా జరిపే పాదం) బిగిస్తే ఈ అడ్డగీతల మడతలు పూర్తిగా పోతాయా, లేక అడ్డగీతలు చేత్తో కుట్టుకోవాల్సిందేనా?