కమ్మచ్చు: పోత గుండుకు ఈ మాట నప్పుతుందా?

ప్రశ్న (టెక్సాస్ నుంచి):

సభ్యులకు నమస్కారం. అడగబోయేది ఒక్క మాట గురించే అయినా, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి.

నా దగ్గర ఒక పాత త్రీనాట్‌త్రీ రైఫిల్ ఉంది. సీసం కరిగించి దానికి గుండ్లు పోసుకోవడం నా సెలవు రోజుల కాలక్షేపం. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు, వాటి మధ్య గట్లు ఉంటాయి. పేరులో 303 (అంటే 0.303 అంగుళాలు) ఉన్నా, అది ఆ గట్ల మధ్య కొలత. గాడుల అడుగు వరకు కొలిస్తే 0.311 అంగుళాలు దాటుతుంది. యుద్ధకాలంలో హడావుడిగా చేసిన గొట్టాల్లో ఇంకా ఎక్కువ. మెత్తని సీసపు ముక్కను గొట్టంలో దూర్చి బయటకు తోసి చూస్తే నాది 0.315 తేలింది. (అదీ తేలిగ్గా తేలలేదు. ఐదు గాడులు కావడంతో గాడికి ఎదురుగా గట్టు వస్తుంది, మామూలు మైక్రోమీటర్‌కు పట్టు దొరకదు.) పోత గుండు గాడుల కొలత కన్నా అంగుళంలో వెయ్యో వంతైనా లావుగా ఉండాలి. లేకపోతే పక్కల సందుల్లోంచి వేడి వాయువు దూరి, సీసాన్ని కరిగించి గొట్టం నిండా పూస్తుంది.

అందుకని గుండును కాస్త లావుగానే పోసి, ఉక్కు బెజ్జంలోంచి తోసి కొలతకు తెస్తారు. ఆ బెజ్జం ఉన్న పనిముట్టే సైజింగ్ డై. నాకు కావలసిన 0.316 ఎక్కడా దొరక్క, 0.314ది కొని, చీల్చిన కర్రపుల్లకు ఎమరీ కాగితం చుట్టి రెండు సాయంత్రాలు లోపల రుద్దాను.

ఈ గోలంతా ఫోనులో విని నాన్నగారు, ‘ఇంత కథ ఎందుకురా, కమ్మచ్చు అను’ అన్నారు. మాది కంసాలి పని చేసిన ఇల్లు. మాట బాగుంది కానీ, తీగ పనిముట్టు పేరు గుండుకు వాడవచ్చా?

మచిలీపట్నం సభ్యురాలు:

నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. కమ్మచ్చు అంటే వరుసగా పెద్ద నుంచి చిన్నకు బెజ్జాలున్న ఉక్కు పలక. తీగ కొనను ఆకురాయితో సన్నం చేసి బెజ్జంలోకి దూర్చి, అవతలి నుంచి పట్టకారుతో లాగుతారు. ఒక్కో బెజ్జం దాటే కొద్దీ తీగ సన్నబడుతుంది. ‘కమ్మచ్చున తీసిన తీగలా’ అన్న పోలిక ఇక్కడిదే. కమ్మి, అచ్చు కలిసిన మాటగా అర్థమవుతోంది. తీగకు తమిళంలోనూ కన్నడంలోనూ కంబి అనే అంటారు.

నా అభ్యంతరం ఒకటే. కమ్మచ్చులో లాగుతారు, మీరు తోస్తున్నారు. తోసేది కావాలంటే జంతికల గొట్టం ఉంది కదా!

బాలానగర్‌లో టర్నర్‌గా పనిచేసిన సభ్యుడు:

అమ్మా, జంతికల గొట్టం కుదరదు. అందులో పిండికి ముందు రూపమే లేదు, బిళ్ళలోంచి వచ్చాకే రూపం. గుండుకు రూపం పోతపోసినప్పుడే వచ్చేసింది, దాన్ని పోగొట్టకుండా ఒళ్ళు మాత్రం తగ్గించాలి. తీగకు కమ్మచ్చు చేసే పనీ అదే. తీగ పొడుగ్గా ఉంటుంది కనుక పట్టుకుని లాగగలం. అరచేతిలో ఇమిడే సీసపు ముక్కను దేనితో పట్టి లాగుతారు? వెనక నుంచి కడ్డీతో తొయ్యాల్సిందే.

మేము షాపులో అన్నిటినీ ‘డై’ అనే అనేవాళ్ళం. మర కోసేదీ డై, రేకు గుద్దేదీ డై, జుట్టుకు రాసుకునేదీ డై. కాబట్టి కమ్మచ్చుకే నా ఓటు.

ప్రశ్న అడిగినవారికి ఒక మాట. 0.314తో మొదలుపెట్టి మంచి పని చేశారు. బెజ్జాన్ని పెంచగలం కానీ తగ్గించలేం. రెండు మూడు నిమిషాలకొకసారి తుడిచి, ఒక గుండును తోసి కొలుచుకోవాలి. డైని కొలవడం కన్నా గుండును కొలవడమే నమ్మకం, ఎందుకంటే బయటపడ్డాక లోహం పిసరంత పొంగుతుంది. గట్టి మిశ్రమమైతే ఇంకొంచెం ఎక్కువ. లోపలికి దారితీసే అంచును ఏటవాలుగా, నున్నగా ఉంచకపోతే సీసాన్ని గీకేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

గీకేసింది! మొదటి పది గుండ్లూ తిరిగి కరిగించాను.

అనువాదాలు చేసే సభ్యురాలు:

పనిముట్టు సంగతి తేలినట్టే ఉంది, నా పేచీ రెండో మాటతో. మన పత్రికలు బుల్లెట్‌కూ, గుండూ మందూ తొడుగూ కలిసిన కార్‌ట్రిడ్జ్‌కూ తూటా అనే రాస్తాయి. ఇక్కడ పోసేదీ కమ్మచ్చులో తోసేదీ ముందుండే సీసపు ముక్క మాత్రమే కనుక ‘పోత గుండు’ నాకు నచ్చింది. పోత ఇనుము అన్నప్పటి పోతే ఇది. గుండు గుండ్రంగా లేదని ఎవరైనా అంటారేమో. గుండ్రని గుండ్ల కాలం పోయి నూట యాభై ఏళ్ళు దాటింది, మాట మాత్రం నిలిచింది.

ఇంకొకటి. వెంట్రుకవాసి అంటాం కదా, మనిషి వెంట్రుక మందం అంగుళంలో వెయ్యింట రెండు నుంచి నాలుగు వంతులు. వీరు పట్టుబడుతున్నది ఒక్క వంతు కోసం. వెంట్రుకవాసి ఇక్కడ మరీ మోటు కొలత!

ప్రశ్న అడిగినవారు:

అందరి జవాబులూ నిన్న నాన్నగారికి చదివి వినిపించాను. లాగడం, తోయడం గొడవకు నవ్వారు. ‘మైనం రాస్తున్నావా?’ అని అడిగారు. తీగ బెజ్జంలో బిగుసుకోకుండా వాళ్ళు తేనెమైనం పూసేవారట. నేను గుండ్లకు పూసేదాంట్లోనూ సగం తేనెమైనమే.

చివరికి తీర్పు కూడా ఆయనే చెప్పారు. పేరు కమ్మచ్చే ఉంచమన్నారు, క్రియ మాత్రం మార్చమన్నారు. తీగను ‘తీస్తాం’, గుండును ‘దాటిస్తాం’ అట. కాబట్టి ఈ ఆదివారం నేను నలభై గుండ్లు కమ్మచ్చు దాటించాను.