మాత్ర వేశాక మా పిల్లి మింగలేకపోతోంది, ఎవరికైనా ఇలా అయిందా?

గువ్వ వాళ్లమ్మ: మా గువ్వకి నాలుగేళ్లు, నాటు పిల్లి. జలుబుకి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర రాశారు. మాత్ర నోట్లో వేసి, గొంతు నిమిరి వదిలేసేదాన్ని. ఐదో రోజు నుంచి ఆకలితో గిన్నె దగ్గరికి పరుగెత్తుకొస్తుంది, ఒక ముద్ద తీసుకుని మెడ చాచి గుటక వేస్తుంది, అంతే, వెనక్కి వెళ్లిపోతుంది. చొంగ కారి గడ్డం కింద బొచ్చంతా అట్టకట్టింది. చాలా టెన్షన్‌గా ఉంది.

బుజ్జిగాడి నాన్న: అమ్మా, తర్వాతి మాత్ర వేసేలోపే డాక్టరుకి ఫోన్ చేయండి. మా బుజ్జిగాడికీ అచ్చం ఇదే అయింది. నీళ్లు లేకుండా వేస్తే ఆ మాత్ర ఆహారనాళంలో చాలాసేపు అతుక్కుని అక్కడే పుండు చేస్తుందట. మాకు సుక్రాల్ఫేట్ సిరప్, యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ ఇచ్చారు. సుక్రాల్ఫేట్ పుండు మీద పూతలా పడుతుంది కాబట్టి ఖాళీ కడుపున, మిగతా మందులకి రెండు గంటల ఎడంగా పట్టాలి. మెడికల్ షాపులో మనుషులకి అమ్మే సిరప్‌లలో కొన్నిటికి తిమ్మిరి మందు కలిపి ఉంటుంది, లేబుల్ డాక్టరుకి చూపించాకే వాడండి. నొప్పని పారాసెటమాల్ మాత్రం వేయకండి, పిల్లి ప్రాణం పోతుంది.

రాణి ఇల్లు: మాది కుక్క. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. మత్తులో ఉన్నప్పుడు కడుపులో యాసిడ్ పైకి ఎగదన్ని ఆహారనాళం వాచిందన్నారు. మేం వాంతులనుకుని రెండు వారాలు పోగొట్టుకున్నాం. వాంతికి పొట్ట ఎగిరెగిరి పడుతుంది. ఇది అలా కాదు, తల వంచగానే తిన్నది తిన్నట్టే జారిపోతుంది. ఫోన్‌లో వీడియో తీసి చూపించండి, డాక్టరుకి వెంటనే అర్థమవుతుంది. జావ దిగి, గట్టి ముద్ద వెనక్కి వస్తుంటే నాళం ఇరుకైందేమో అడగండి. మా రాణికి ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూడటం) చేసి, బెలూన్‌తో మూడుసార్లు వెడల్పు చేశారు.

గువ్వ వాళ్లమ్మ: అక్కా, వీడియో తీసుకెళ్లాను. మాత్ర ఆపేసి సిరప్‌లు రాశారు, ఎండోస్కోపీ ఇప్పుడే వద్దన్నారు. ఇవాళ పదో రోజు. చికెన్ మెత్తగా రుబ్బి, చెంచా చెంచాగా ఆరుసార్లు పెడుతున్నాను. పొద్దున గిన్నె నాకేసింది, ఏడుపొచ్చేసింది నాకు.

బుజ్జిగాడి నాన్న: సంతోషం అమ్మా. సిరప్‌లు మధ్యలో మానకండి. ఇకపై ఏ మాత్ర వేసినా వెనకే ఐదారు ఎంఎల్ నీళ్లు, సూది తీసేసిన సిరంజితో దవడ పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టండి.